అయిదువేల నలభై వరసలు

తోలు కట్టని మోత ఒకటి, కట్టిన మోత ఒకటి. తాడు లాగితే ఊరంతా వినపడేట్టు ఖంగుమంటుంది, మళ్ళీ లాగితే ఏటి అవతలి గట్టు మీంచి ఎవరో ఊఁ కొడుతున్నట్టు మెత్తగా వస్తుంది. ఖంగు, ఊఁ, ఖంగు, ఊఁ. పోయినవాళ్ళ కోసం మోగించేటప్పుడు గంట నాలిక్కి ఒక పక్క తోలుముక్క కట్టడం మా రివాజు. పొద్దున బెరిల్‌ని మట్టిలో దించి వచ్చాక నేనే నిచ్చెనెక్కి మా చర్చి టవర్లోని ఎనిమిది గంటల నాలికలకీ కట్టాను. కెల్విన్ కింద నించి "దిగవోయ్ ముసలాడా, నీ పెళ్ళాం వెనకే పోతావా ఏం, ఇవాళ్టికి ఒకటి చాలు మాకు" అని అరిచాడు. వాడూ ముసలాడే, తోటలకి నీళ్ళొదిలే కాలవ గేట్లు తిప్పీ తిప్పీ నడుం వంగినవాడు. నాకు పలకడం అలవాటు లేదు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి కూడా "క్లారీ, నీకంటే నీ అయిదో గంట నయం, కొడితే అయినా పలుకుతుంది" అనేది. అయిదో గంట నాది. నాలుగోది కెల్విన్‌ది. మూడోది బెరిల్‌ది, ఆమె మంచం పట్టేదాకా ఇంకొకరి చెయ్యి దాని మీద పడలేదు. ఇవాళ ఆ తాడు పట్టుకున్నది ఆమె అన్న కూతురు లినెట్. ఏ మలుపులో ఎటు తిరగాలో అరిచి చెప్పేది కూడా లినెటే. మా పెద్దగంట బ్లూయీ లాగుతున్నాడు, వడ్రంగి, ఒకప్పుడు ఎర్రజుట్టువాడు, ఇప్పుడు ఏ జుట్టూ లేనివాడు. మిగతా నలుగురూ అడిలైడ్ నించి కారేసుకుని వచ్చినవాళ్ళు, బెరిల్ పేరు చెబితే కాదనకుండా వచ్చారు. ఎనిమిదిమంది గుండ్రంగా నిలబడి ఉన్నాం, రెండు గంటలసేపు కావస్తోంది, ఎడారి మీంచి వచ్చే ఉత్తరపు గాలి కిటికీలో నించి పొయ్యి ఊదినట్టు ఊదుతోంది, బయట యూకలిప్టస్ చెట్ల మీద గులాబీ చిలకలు మా మోతకి లేచి అరిచి మళ్ళీ వాలుతున్నాయి, నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

ఇంకా మూడోవంతు ఉంది. చేతులు ఆగుతాయా. ఆగాలి. ఈ తాడు చివర ఉన్ని కుచ్చు ఎన్నిసార్లు మార్చామో, బెరిల్ తనదానికి తనే అల్లుకునేది ఎరుపూ తెలుపూ కలిపి, లినెట్ చేతుల్లో ఇప్పుడు పైకీ కిందకీ పోతున్నది ఆ ఎరుపే, చూడకూడదు, చూడాలి కూడా, ఎవరి తాడు ఎవరి వెనక దిగుతోందో చూసే కదా మోగిస్తాం. నాకు చదువు లేదు. మూడు తరగతులు కూడా నిండలేదు, మా నాన్న కుందేళ్ళు పట్టేవాడు, గుడారం ఎత్తిన చోటల్లా బడి మారేది, చివరికి బడే పోయింది. ఈ మోత లెక్క నాకు చెప్పింది బెరిలే. ఎనిమిది గంటలూ ఒకదాని వెనక ఒకటి ఒక్కోసారి మోగితే ఒక వరస, పెద్దగంట మారదు, ప్రతి వరసకీ చివర్న అదే. మిగిలిన ఏడూ మారుతుంటాయి. రెండు గంటలుంటే రెండు రకాలే కదా క్లారీ, ముందు నువ్వు వెనక నేను, ముందు నేను వెనక నువ్వు. మూడుంటే ఆరు. నాలుగైతే ఇరవై నాలుగు. అయిదైతే నూట ఇరవై, ఆరైతే ఏడువందల ఇరవై, ఏడైతే అయిదువేల నలభై. అంతే ఉన్నాయి, ఇంకోటి కావాలన్నా లేదు. అన్నీ మోగించాలి, ఒక్కోటి ఒక్కసారే. ఒక్క వరస రెండోసారి వచ్చిందా అది నిండు మోత కాదు, ఎంతసేపు మోగించినా కాదు. మరి ఎనిమిదోదాన్ని కూడా కలిపితే అన్నాను, నేనడిగిన కొద్ది ప్రశ్నల్లో అదొకటి. నలభై వేల మూడువందల ఇరవై అంది, తెల్లారీ పొద్దుగూకీ చేతులు ఊడిపోతాయి, నీకు ఆ కోరిక వద్దు, అయిదువేల నలభై చాలు ఒక జన్మకి. చాలింది. అదే దొరకలేదు. స్టీమరు మీద ఈ గంటలు ఈ ఊరొచ్చి నూరేళ్ళు దాటింది, ఈ టవర్లో ఇంతవరకూ నిండు మోత ఒక్కటీ కాలేదు. ఎవరో ఒకరు తప్పేవాళ్ళు, తాడు తెగేది, ఎవరికో కళ్ళు తిరిగేవి. పోయిన నెలలో ఆస్పత్రిలో ఊపిరందక ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పింది. నా కోసం అక్కర్లేదు, ఈ టవరు ఒక్కసారి వినాలి దాన్ని. నేను ఊఁ అన్నాను. ఊఁ అంటే ఏమిటో ఆమెకి తెలుసు.

ఖంగు, ఊఁ. ఆ వాన రోజు కూడా ఇట్లాగే రేకుల కప్పు మీద చప్పుడు ఒకసారి గట్టిగా ఒకసారి మెత్తగా. నేను అప్పటికి ఆ పళ్ళ షెడ్డులో కూలికి చేరి వారం, ఆప్రికాట్లు కోసే కాలం, ఆడవాళ్ళు బల్లల ముందు నిలబడి పండుని రెండు చెక్కలు చేసి చెక్కపళ్ళేల మీద పరిచేవాళ్ళు, టెంకలు బాల్చీల్లో పడేవి, పళ్ళేలు ఎండకి మొయ్యడం నా పని. వాన పట్టుకుంటే పని లేదు. బెరిల్ నాలుగు బాల్చీల టెంకలు సిమెంటు నేల మీద గుమ్మరించి పరచడం మొదలుపెట్టింది, వరసకి డెబ్బై ఒకటి, అట్లాంటివి డెబ్బై ఒక్క వరసలు. మిగతా ఆడపిల్లలు "దీనికి మతి పోయింది, పెళ్ళి చెయ్యండర్రా" అని నవ్వారు. నేను తడి గుమ్మంలో నించుని చూశాను. సాయంత్రానికి చదరం అయింది, పచ్చి టెంకల వాసన, పుల్లగా, తియ్యగా, ఇప్పటికీ ఎక్కడ తగిలినా నేను అక్కడే నిలబడి ఉంటాను. "ఇదిగో నువ్వు, కుందేళ్ళబ్బాయ్, ఇవి ఎన్నో తెలుసా" అంది. తల ఊపాను తెలీదని. "అయిదువేల నలభై ఒకటి. చక్కగా చదరం కుదిరింది. కానీ మనకి కావలసింది అయిదువేల నలభై. అది చదరం కాదు. ఏం చెయ్యాలి?" నేను నడిచి వెళ్ళి మూల మీది టెంక ఒకటి తీశాను. అంతమందీ నవ్వడం మానేశారు. ఆమె నా వంక చూసింది, ఆ మూలలో ఖాళీ వంక చూసింది, అంత చదరంలో ఆ ఒక్క ఖాళీ, చూస్తే అదే కనబడుతుంది, మిగతా ఏవీ కనబడవు, ఆ టెంక తడిగా నా అరచేతిలో, దాని గాడి మీద ఇంకా పీచు, జేబులో వేసుకున్నాను, బాబ్ అంది ఎవరో, లినెట్ గొంతు, బాబ్ అంటే దారి మారమని, చేతులకి తెలుసు, చేతులు మారాయి, "బ్లూయీ, వెనకపడుతున్నావ్, కాస్త లాగు" అని కూడా అంది, ఏం వాన అది, ఆ రాత్రికే షెడ్డు యజమాని వచ్చి టెంకలన్నీ చీపురుతో ఊడిపించాడట, ఆమె నాకు తర్వాత చెప్పింది, ఏడవలేదు, నువ్వు తీసిన ఒకటి ఉంది కదా అంది.

ఆ టెంక ఎక్కడ పోయిందో. ఇళ్ళు మారాం. పిల్లలు లేరు, మారడం సులువు. పిల్లలు లేని ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర మాటలకి బదులు మా ఇద్దరికీ ఒక ఆట ఉండేది. ఏదో ఒక అంకె అనేది, లారీ నంబరో, చర్చిలో కీర్తన నంబరో, పాల డబ్బా మీద అంకెలో. దీన్ని ఎంతమందికి సమంగా పంచొచ్చు చెప్పు. నాకు హెచ్చవేత రాదని పెళ్ళయిన ఏడు చూసింది, బఠాణీలు పెట్టి నేర్పింది, నెమ్మదిగా వచ్చింది. ఇద్దరికి పంచొచ్చు, ముగ్గురికి పంచొచ్చు, అని చెబుతుండేవాణ్ణి పళ్ళెంలో చూస్తూ. కొన్ని అంకెలు ఎవరికీ పంచబడవు, ఎంత పెద్దవైనా, ఎన్ని రకాలుగా చూసినా ఒకటి మిగిలిపోతుంది, రెండు మిగిలిపోతాయి. వాటిని ఒంటివి అనేది. పాపం వాటికి తోడు దొరకదు క్లారీ, నీలాంటివి. డెబ్బై ఒకటి ఒంటిది. అయిదువేల నలభై మాత్రం అట్లా కాదు, అది ఊరందరి చుట్టం. ఇద్దరొచ్చినా సరే, ముగ్గురొచ్చినా సరే, నలుగురు, అయిదుగురు, పదిమంది దాకా ఎంతమంది వచ్చినా ఎవరి వాటా వాళ్ళకి సమానంగా ఇచ్చి పంపిస్తుంది. ఆ మాటకొస్తే అందులో సగం చాలు, రెండువేల అయిదువందల ఇరవై, పదిమంది దాకా పంచగలిగే అంకెల్లో అన్నిటికన్నా చిన్నది అదే. సగం గట్టి మోత, సగం తోలుకట్టు మోత, తలా రెండువేల అయిదువందల ఇరవై. ఆ సగం బతికున్నవాళ్ళది, ఈ సగం పోయినవాళ్ళది అనుకోవచ్చేమో, నేను అనుకోలేదు, ఇవాళే అనిపిస్తోంది. మరి పదకొండోవాడు వస్తే అన్నాను ఒకసారి. "పదకొండోవాడికి టీ ఇచ్చి పంపించెయ్యి" అంది. పొలమారేదాకా నవ్వింది. ఆస్పత్రిలో ఆమె గది నంబరు చూసి కూడా పెదాలు కదిపింది, నాకు చెప్పలేదు, నేనే బయట బెంచీ మీద కూర్చుని పంచి చూశాను, రెండుకి కాదు, మూడుకి కాదు, ఏడుకి కాదు, ఒంటిది. లేచి లోపలికెళ్ళి కూర్చున్నాను.

ఎంతసేపయింది. కిటికీ నీడ బ్లూయీ బూట్ల మీదికి వచ్చింది, అంటే ఎక్కువ లేదు, ఇంకో పావుగంటో అంతకంటే తక్కువో. అడిలైడ్ కుర్రాళ్ళ మొహాలు మారాయి, ఒడ్డు కనబడ్డ ఈతగాళ్ళ మొహాలు. లినెట్ కళ్ళు మూసి తెరిచి మూస్తోంది, పెదాలు కదులుతున్నాయి, అచ్చం వాళ్ళ అత్తే. నేను వెనక నించి ముందుకొస్తున్నాను, ముందు మోగించాను రెండుసార్లు, మళ్ళీ వెనక్కి తిరిగాను, ఈ మోతలో ఒకరి వెనక ఒకరం గొర్రెల్లా పోతుంటాం, నా వెనక ఎప్పుడూ కెల్విన్, నేను తిరిగేసరికి వాడు ఎదురు రావాలి. రాలేదు. వాడి తాడు నాకంటే ముందు వెళ్ళిపోయి ఉంది. వాడి వెనక నేనున్నాను. ఇదేమిటి. ఇంకోసారి చూద్దాం. మళ్ళీ వెనక్కి వెళ్ళాను, మళ్ళీ ముందుకొచ్చాను, కెల్విన్ ముందు, నేను వెనక. వాడి దారిలో నేను నడుస్తున్నాను, నా దారిలో వాడు. ఎప్పటి నించి. చేతులకి తెలుసనుకున్నాను. చేతులు ఆ మూల టెంక కోసం వెళ్ళాయి. ఆ బాబ్ దగ్గర నేను తిరగాల్సిన చోట తిరగలేదు, వాడు కంగారులో నేను వదిలిన సందులోకి దూరిపోయాడు, ఇద్దరం ఏ తాకిడీ లేకుండా మారిపోయాం, పొడుగునా నున్నగా మోగింది, లినెట్ ఆ క్షణంలో బ్లూయీని అదిలిస్తోంది. ఎవరికీ తెలీదు. కెల్విన్‌కీ తెలీదు, వాడి మొహం చూస్తే తెలుస్తోంది. అప్పటినించీ ఇంతసేపూ మోగించిన వరసల్లో ఎన్ని అంతకుముందు వచ్చేసినవో, ఎన్ని రావలసినవి రాకుండా పోయాయో. ఇప్పుడు కెల్విన్‌కి కన్ను గీటి మళ్ళీ మార్చుకున్నా పోయినవి రావు. ఖంగు. ఊఁ.

బెరిల్, ఏం చెయ్యను. అడగనక్కర్లేదు, తెలుసు, అదే బాధ. ఆ ఏడు, ఏటికి వరదొచ్చి దిగిన ఏడు, ఇదే గదిలో ఇట్లాగే ఒడ్డు కనబడుతున్నప్పుడు ఆమె మూడో తాడు పట్టుకుని "నిలపండి" అంది. అందరం అదిరిపోయాం. అది లెక్క నడిపేవాళ్ళు అనాల్సిన మాట, ఆ రోజు నడిపేది ఆమె కాదు. ఫలానా చోట వరస రెండోసారి వచ్చింది అంది. మొదట ఎవరూ నమ్మలేదు, కాగితం మీద వేసి చూశాక నమ్మారు. కెల్విన్‌కి ఒళ్ళు మండిపోయింది. "వినేవాళ్ళకి తెలుస్తుందా ఏం? కింద గడ్డి మేసే గొర్రెలకి తెలుస్తుందా? ఇంకో పది నిమిషాలు నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు. "వినేవాళ్ళకి తెలీదు కెల్విన్," అంది, "అందుకే మనం చెప్పాలి." ఇంటికొచ్చాక బండిలోంచి దిగలేదు. చీకటి పడేదాకా ఆ సీట్లోనే కూర్చుంది, నేను టీ తీసుకెళ్ళి కిటికీలోంచి అందించాను. అప్పుడంది, నాకు కావలసినంత ఇంకెవరికీ అక్కర్లేదు క్లారీ ఆ మోత, ఎందుకు నోరు తెరిచానో. తెరవకుండా ఉండాల్సిందేమో. నేను ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. అదీ నేను. ఒక్క మాట చెబితే సరిపోయేది ఆవేళ, మంచి పని చేశావని. టీ కప్పు తిరిగి తీసుకున్నాను.

ఇప్పుడు నోరు మూసుకుంటే పది నిమిషాల్లో అయిపోతుంది. గంటలన్నీ మళ్ళీ మొదట్లోలాగే ఒకటి రెండు మూడుగా దిగొస్తాయా, ఆఖరి వరస కుదరకపోవచ్చు, లేకపోతే లినెట్ ఏదో తేడా పసిగట్టి చివర్లో మార్పించేస్తుంది, అదీ జరుగుతుంది, జరగడం చూశాను. బ్లూయీ జర్రా అనే ఎర్రటి చెక్కతో పలక చేసి నూనె పట్టించి గోడకి ఆనించాడు, ఎదురుగానే ఉంది, ఇంకా ఏమీ రాయలేదు, బెరిల్ టెంబీ జ్ఞాపకార్థం, ఈ టవర్లో మొదటి నిండు మోత, అయిదువేల నలభై, బంగారు రంగు డబ్బా కూడా కొన్నాడు. కింద ఆడవాళ్ళు శాండ్విచ్‌లు కోసి తడిగుడ్డ కప్పి కాచుకున్నారు, మోత ఆగగానే చప్పట్లు కొడతారు. ఊరంతటికీ పంచేది. అందరికీ సమంగా. నా భుజాలు నాకు తెలుసు, ఇంకోసారి ఇంతసేపు లాగవు. కెల్విన్‌వీ లాగవు. ఇదే ఆఖరు. ఆమెకి కావలసింది ఒక్కటే, అది ఇంత దూరంలో ఉంది, ఆమె పలక మీద ఆమె పేరు కింద అయిదువేల నలభై అని ఉంటుంది, అవి అయిదువేల నలభై కావని ఒక్కడికే తెలిసి ఉంటుంది, ఆ ఒక్కడూ ఎవరితోనూ మాట్లాడడు. ఎంత సులువు. మాట్లాడకపోవడం నాకంటే బాగా వచ్చినవాడెవడు ఈ ఏటి పొడుగునా. ప్రతి ఆదివారం ఈ గదికొచ్చి ఆ పలక కింద నిలబడాలి. నిలబడి దాన్ని చూడాలి. అందులో ఆమె ఉండదు. ఎరుపూ తెలుపూ కుచ్చు పైకి పోయింది, కిందికి వచ్చింది, లినెట్ చేతులు కావు అవి ఒక క్షణం, నా నాలిక్కి కూడా ఎవరో తోలు కట్టినట్టుంది.

"నిలపండి," అన్నాను.

ఎవరికీ వినపడలేదనుకున్నాను. లినెట్ తల తిప్పి నా వంక చూసింది. ఆమె చూపులో అప్పుడే అర్థమైపోయింది, అయినా ఒక వరస అట్లాగే పోనిచ్చింది, ఆ తర్వాత "స్టాండ్" అంది మెల్లిగా. ఒక్కో గంటా నోరు పైకెత్తి నిలబడిపోయింది. ఆఖర్న వినపడింది తోలుకట్టు వరసే, ఏటి అవతలి గట్టు మీంచి. తర్వాత చిలకలు. తర్వాత అవీ లేవు. కింద ఎవరో ఆడమనిషి పొరపాటున చప్పట్లు మొదలుపెట్టి ఆపేసింది.

"ఎక్కడ మామయ్యా?" అంది లినెట్.

"నువ్వు బ్లూయీని అదిలించావే, ఆ బాబ్ దగ్గర. నేనూ కెల్వినూ."

"నేనా? నేనేం చేశాను?" అని కెల్విన్ మీదికొచ్చాడు, "నేను సరిగ్గానే," అని తన తాడు వంకా నా తాడు వంకా చూసి ఆగిపోయాడు. "నువ్వు నా ముందుండాలి," అన్నాడు. "అవును. నువ్వు నా ముందుండాలి కదరా." బెంచీ మీద కూలబడి టోపీతో మొహం తుడుచుకున్నాడు. "ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడతావు ముసలి పీనుగా. అందులో ఒకటి ఇదా! దీనికా దాచుకున్నావు!" తిట్టడం పూర్తి చెయ్యకుండానే టోపీ మళ్ళీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అడిలైడ్‌వాళ్ళు మర్యాదగా గోడలు చూస్తున్నారు. ఒక కుర్రాడు మళ్ళీ ఎప్పుడైనా వస్తాం అన్నాడు. బ్లూయీ వెళ్ళి పలకని గోడ వైపు తిప్పి పెట్టాడు, మళ్ళీ ఏమనుకున్నాడో ఇటే తిప్పేశాడు. నా వేళ్ళు తాడు మీంచి విడవలేదు. లినెట్ వచ్చి ఒక్కో వేలూ తీసింది, ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి, ఇంత వేడిలో.

"అక్కడిదాకా మోగించినవన్నీ నిజమైనవే మామయ్యా," అంది. "ఒక్కటీ రెండోసారి రాలేదు. అత్త విని ఉంటే అదే అనేది."

"ఎన్ని?"

కళ్ళు మూసుకుంది. ఏ పిలుపు తర్వాత ఏ పిలుపో ఆమెకి బట్టీ. "మూడువేల అయిదువందల ఇరవై ఏడు."

"దాన్ని ఎంతమందికి పంచొచ్చు?"

ఆమె నవ్వబోయింది, నా మొహం చూసి మానేసింది. వాళ్ళింట్లో కూడా ఆ ఆట ఆడేవాళ్ళు, అత్త వెళ్ళినప్పుడల్లా. పెదాలు కదపడం మొదలుపెట్టింది. ఇద్దరికి కాదు. ముగ్గురికి కాదు. ఏడుగురికి ఆరు మిగులుతాయి. పదకొండు, పదమూడు, పదిహేడు, మెల్లిగా, వేలితో తన అరచేతి మీద రాసుకుంటూ. అడిలైడ్‌వాళ్ళు మెట్లు దిగిపోయారు. బ్లూయీ దిగాడు. కింద కప్పుల చప్పుడు. కెల్విన్ మాత్రం కూర్చునే ఉన్నాడు, ఏం చేస్తున్నామో అడగకుండా. నలభై ఒకటికి ఒకటి మిగిలింది. నలభై మూడుకీ ఒకటే మిగిలింది. ఎండ కిటికీ దాటి బయటికి పోయింది. యాభై తొమ్మిది దగ్గర ఆగింది, అరవై అరవైలు దీన్ని దాటిపోతాయి, ఇంక చూడక్కర్లేదని ఆమెకి తెలుసు.

"ఎవరికీ పంచలేం మామయ్యా," అంది. "ఒక్కరికే."

సరే అన్నాను. తాడు చుట్టి కొక్కేనికి తగిలించాను. తోలుముక్కలు విప్పడానికి నిచ్చెన ఎక్కాను. ఈసారి కెల్విన్ దిగమనలేదు, వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు.